రివర్‌లో రైజ్ వస్తే కాల్ చేయాలా? పియోసాల్వర్ గురించి నా మాట

డాలస్ చుట్టుపక్కల కార్డ్ రూముల్లో 1-3 నో లిమిట్ పోకర్ (మొదట తప్పనిసరిగా పెట్టే పందేలు 1, 3 డాలర్లు, ఆపైన ఎంతైనా వేయొచ్చు) ఆడే మనవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: పియోసాల్వర్ అనే పోకర్ లెక్కల సాఫ్ట్‌వేర్ కొనొచ్చా అని. కొనండి, కానీ ఒక్క పని కోసం కొనండి అంటాను. రివర్‌లో, అంటే ఐదోదైన చివరి ఉమ్మడి కార్డు పడ్డాక, మనం బెట్ వేస్తే అవతలివాడు రైజ్ చేసి పందెం పెంచితే, కాల్ చేసి సరిపెట్టాలో ఫోల్డ్ చేసి వదిలేయాలో ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు.

2015లో వచ్చిన ప్రోగ్రామ్ ఇది. విండోస్ ఉండాలి. ఇద్దరి మధ్య ఆటకే లెక్క కడుతుంది, ముగ్గురు మిగిలిన పాట్‌కు (మధ్యలో పోగైన పందెం డబ్బుకు) పనికిరాదు. ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి కార్డులు) నుంచి మొత్తం ఇస్తే ర్యామ్ బాగా తింటుంది. రివర్ ఒక్కటే ఇస్తే మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా క్షణాల్లో తేలిపోతుంది.

ఒక హ్యాండ్ తీసుకుందాం. బోర్డు మీద ఇస్పేట్ రాజు, ఇస్పేట్ ఎనిమిది, డైమన్ ఐదు. టర్న్‌లో, అంటే నాలుగో కార్డుగా, కళావర్ జాకీ. రివర్‌లో ఇస్పేట్ రెండు పడి, చేతిలో రెండు ఇస్పేట్‌లున్నవాడికి ఫ్లష్ (ఒకే రంగు ఐదు కార్డులు) పూర్తయింది. నా చేతిలో ఇస్పేట్ ఆసు, డైమన్ రాజు, అంటే నాకున్నది రాజుల జతే. పాట్ 120 డాలర్లు. నేను 60 వేశాను. బటన్ మీదున్నాయన (చివర ఆడే స్థానం) తన దగ్గరున్న 200 మొత్తం లోపలికి తోశాడు. నేను ఇంకో 140 పెడితే పాట్ 520 అవుతుంది, అంటే దాదాపు 27 శాతం సార్లు గెలిస్తే కాల్‌కు నష్టం లేదు. టెక్సస్ రూముల్లో పాట్ నుంచి రేక్ (రూమ్ వాటా) తీయరు, కూర్చున్న సమయానికి డబ్బు కట్టించుకుంటారు కాబట్టి లెక్క ఇంతే.

ఇక్కడి దాకా కాగితం మీద ఎవరైనా వేయొచ్చు. ఆయన దగ్గర నన్ను కొట్టే కాంబినేషన్లు (రెండు కార్డుల జోడీలు) 20 ఉంటే, బ్లఫ్‌లు (ఓడే చేత్తో బెదిరించేవి) కనీసం ఎనిమిదైనా ఉండాలి. ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వస్తాయి? పియోసాల్వర్ విలువ ఈ ప్రశ్న దగ్గరే తెలుస్తుంది. టేబుల్ దగ్గర చాలామంది నమ్మకం ఏమిటంటే, ఇస్పేట్ ఆసు మన దగ్గరుంటే పెద్ద ఫ్లష్ వాడికి ఉండదు కాబట్టి కళ్లు మూసుకుని కాల్ చేయొచ్చని. సగమే నిజం. ఆసుతో ఇంకో ఇస్పేట్ కలిసిన తొమ్మిది చేతులూ ఆయన రేంజ్ (ఆయన దగ్గర ఉండగల చేతులన్నీ) నుంచి పోతాయి, సరే. కానీ ఒంటరి ఇస్పేట్ ఆసుతో వేరే రంగు రాణినో పదినో పట్టుకుని, జాకీ పడ్డాక స్ట్రెయిట్ (వరుసగా ఐదు కార్డులు) కోసం ఆగి, అది రాక రైజ్ చేసే ఆరు చేతులూ అదే దెబ్బకు పోతాయి. బ్లఫ్ చేయడానికి అన్నిటికన్నా అనువైనవి అవే! స్క్రీన్ మీద చేతులన్నీ చూపే 169 గళ్ల పట్టికలో ఒక్కో గడి నొక్కి ఇది చూస్తుంటే, ఎన్ని వీడియోలు చూసినా ఎక్కని విషయం బుర్రకెక్కుతుంది.

కొత్తవాళ్లు తడబడేది ఇంకోచోట. ఈ చేతికి సగం కాల్, సగం ఫోల్డ్ అని చూపిస్తే, ఏదో రహస్య నిష్పత్తి అనుకుని బట్టీ పడతారు. ఏది చేసినా వచ్చేది దాదాపు సమానం అని దాని అర్థం. అవతలివాడు లెక్క ప్రకారం బ్లఫ్ చేస్తేనే ఆ సమానం నిలుస్తుంది. మన 1-3 టేబుళ్ల మీద రివర్‌లో ఉన్నదంతా తోసే పెద్దమనిషి అలా చేస్తాడా? నేను చూసినంతలో చాలా అరుదు.

అందుకే నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది నోడ్ లాక్. ఆయన రైజ్ దగ్గర ఆగి, బ్లఫ్ చేతులను మీరే తగ్గించి లాక్ చేసి, మళ్లీ నడిపించండి. ఎనిమిదిని నాలుగు చేస్తే 24లో నాలుగు, 17 శాతం కూడా లేదు. ఇందాక ఊగిసలాడిన ఆసు-రాజు ఒక్కసారిగా ఫోల్డ్‌లోకి వెళ్లిపోతుంది. పన్నెండు చేస్తే తిరిగి కాల్‌లోకి వస్తుంది. ఎవరిమీద ఎంత మారాలో ఇంత స్పష్టంగా చూపించడం నాకు నిజంగా సంతోషాన్నిచ్చింది. టేబుల్ దగ్గర ఆ క్షణంలో టెన్షన్ తగ్గడానికి కారణం కూడా ఇదే.

లోటు కూడా చెప్పాలి. రేంజులు మీరే ఇవ్వాలి, తప్పు రేంజ్ ఇస్తే తప్పు జవాబే అంతే ధీమాగా ఇస్తుంది. స్క్రీన్ చూడగానే భయపెడుతుంది, బెట్ సైజులు పెట్టడం అలవాటయ్యేదాకా విసుగు పుడుతుంది. ఒక్కో హ్యాండ్ మీద గంట కూర్చునే ఓపిక లేనివాళ్లు డబ్బు పెట్టొద్దు.

ఊళ్లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్ ఆటలు ఆడటం తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. మీకిది చదువుకోవడానికే. దానికి ఉచిత వెర్షన్ చాలు. అందులో ఒకే ఫ్లాప్ ఉంటుంది: ఇస్పేట్ రాణి, ఆఠీన్ జాకీ, ఆఠీన్ రెండు. టర్న్, రివర్ మీ ఇష్టం. రివర్‌లో మూడో ఆఠీన్ పడేయించి, మీ బెట్ మీద రైజ్ పెట్టించి, చేతిలో ఆఠీన్ ఆసు ఉన్నప్పుడూ లేనప్పుడూ కాల్ ఎలా మారుతుందో ముందు అందులో చూడండి.