వెదురు వీపు విల్లుకు కరక్కాయ నలుపు: చాన్నాళ్లు వాడాక

తోలు బెల్టులకు, చెప్పులకు వేసే స్పిరిట్ రంగు మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. నాది ఓసేజ్ ఆరెంజ్ అనే అమెరికా చెట్టు చెక్కకు, వీపు మీద (అంటే బాణం వేసేవాడికి అవతలి వైపు) వెదురు బద్ద అతికించిన విల్లు. బద్ద మీద ఆ రంగే, మెరూన్‌ది, గుడ్డతో పట్టించాను. ఇట్టే ఇంకింది, నిమిషాల్లో ఆరింది, పైన వార్నిష్ పడ్డాక పట్టుచీర అంచులా మెరిసింది. కనపడ్డవాళ్లందరికీ అదే కొనుక్కోమని చెప్పాను కూడా.

డాలస్ ఎండ సంగతి ఇక్కడుండేవాళ్లకు చెప్పక్కర్లేదు. వేసవి దాటేసరికి మెరూన్ కాస్తా వెలిసిన గులాబీ అయింది. పిడికి చుట్టిన తోలు పాడైందని విప్పితే, దాని కింద జానెడు మేర మాత్రం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది! అంటే వర్షమో చెమటో కాదు, పని చేసింది ఎండే. పైన వేసింది ఎండను అడ్డుకుంటుందని డబ్బా మీద రాసున్న వార్నిషే. అది వెలవడాన్ని కాస్త ఆలస్యం చేసిందేమో గానీ ఆపలేదు. పైగా ఓసేజ్‌ది దీనికి సరిగ్గా రివర్సు: కోసినప్పుడు పసుపు, ఎండ తగిలేకొద్దీ ముదురు గోధుమ రంగు. వీపు వెలుస్తుంటే పొట్ట (మనవైపు ఉండే చెక్క) ముదురుతోంది, చూడ్డానికి రెండు విల్లులు అతికించినట్టు తయారైంది.

ఎండకు నిలిచేవి పిగ్మెంట్ స్టెయిన్లు, అంటే కరగని రంగు పొడి కలిపినవి. కానీ వాటి పొడి కూర్చోడానికి వెదురులో చోటేదీ? తుడిస్తే గుడ్డకే వచ్చేసింది. మందంగా వదిలేస్తే బాణం రాసుకునే చోట లేచిపోయింది. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక కరక్కాయ. ఇనుము, వెనిగర్ కలిపి చెక్కను నల్లబరచడం ఇక్కడి వడ్రంగులకు పాత విద్యే. ఓక్ లాంటి చెక్కలో టానిన్ (ఇనుము తగిలితే నల్లబడే వగరు పదార్థం) దండిగా ఉంటుంది కాబట్టి దానంతటదే నల్లబడుతుంది. వెదురులో అది అంతంతమాత్రం, అందుకని ముందు చిక్కటి టీ డికాషన్ పూయమంటారు. పూస్తే నాకు బూడిద రంగు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది శ్రీకాళహస్తి కలంకారీ. వాళ్లు గుడ్డను ముందు కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు, ఆ తర్వాతే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన కసిమితో గీతలు గీస్తారు. మన కిరాణా కొట్లో కరక్కాయ పొడి హరీతకి పేరుతో దొరుకుతుంది.

పాలు మానేసి పొడిని నీళ్లలో మరిగించి, వడగట్టి పూశాను. ఆరాక, స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) నానబెట్టిన వెనిగర్ పట్టించాను. (ఊల్‌కు నూనె ఉంటుంది, సబ్బుతో కడగాలి. సీసా మూత బిగించొద్దు, గ్యాస్ వస్తుంది.) పూసిన కాసేపటికే బద్ద కాకినలుపైంది. పై నున్నటి తొక్క గీరిన మేరకే అంటుకుంది, తొక్కలోని మైనం, సిలికా దేన్నీ లోపలికి పోనివ్వవు. కణుపుల దగ్గర నేను ఎక్కువ గీరలేదు కాబట్టి అక్కడ తేనెరంగు మచ్చలు మిగిలాయి. నాకవి నచ్చాయి. తర్వాత వెనిగర్ పులుపు విరిగేలా వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, బాగా ఆరనిచ్చి ట్రూ-ఆయిల్ (తుపాకీ కట్టెలకు వేసే నూనె) పూతలు వేశాను. అదే ఎండలో, అదే విల్లు, ఇప్పటికీ నలుపు నలుపుగానే ఉంది.

అయితే ఒకటి. పాత కలంకారీ, అద్దకం గుడ్డల్లో ముందు చివికిపోయేది నల్ల గీతల దగ్గరే. ఇనుము నారను తినేస్తుంది. విల్లు వంచినప్పుడు లాగుడంతా భరించేది వీపు మీది నారలే, అందుకే సోడా నీళ్ల తుడుపు నేను ఎగ్గొట్టను, ఇనుప నీళ్లు రెండోసారి పూయను. నా విల్లు లాగడానికి పట్టే బలం నలభై పౌండ్లలోపే, ఇంతవరకు ఏమీ కాలేదు. అరవై పౌండ్ల విల్లుకు ఇదే చేయమని మాత్రం నేను చెప్పను.

ఇంకో ఇబ్బంది, ఇది వాడితే గానీ తెలియలేదు: నలుపు మీద పేడు లేస్తే కంటికి ఆనదు. పసుపు వెదురు మీద వెంట్రుకవాసి చీలికైనా ఇట్టే దొరికేది. ఇప్పుడు అల్లెతాడు ఎక్కించే ముందు వీపు పొడవునా దూది ఉండ రాస్తున్నాను, ఎక్కడైనా పోగు తట్టుకుంటే ఆ రోజుకి విల్లు పక్కన పెట్టేయడమే.

ఎప్పుడూ నీడలో ఆడుకుని, సంచిలో పెట్టుకునేవాళ్లకు తోలు రంగే సుఖం, ఎరుపు కావాలంటే మరీను. కలంకారీ ఎరుపు నిలబడాలంటే పటిక అద్దిన గుడ్డను రంగు నీళ్లలో ఉడకబెట్టాలి, విల్లును ఉడకబెట్టలేం కదా. నాలాగా నడినెత్తిన ఎండలో, తేలికపాటి విల్లుతో ఆడేవాళ్లయితే, దూది ఉండ జేబులో వేసుకునే ఓపిక ఉంటే, కరక్కాయ వైపు చూడొచ్చు. ముందు బద్ద కోయగా మిగిలిన ముక్క మీద పూసి, ఆరాక వంచి చూడండి.