రొయ్యల్లో ప్లాస్టిక్ పట్టే మిషన్: పచ్చళ్ల వ్యాపారం నుంచి ఒక రివ్యూ

పాలకొల్లులో మాది రొయ్యల పచ్చడి, ఎండు రొయ్యల వ్యాపారం. ఈమధ్య అమెరికా ఆర్డర్ల వాళ్లు ఉప్పూ కారం సంగతి వదిలేసి "మైక్రోప్లాస్టిక్ లేదని గ్యారంటీ ఏంటండీ?" అని అడుగుతున్నారు. అందుకే చేత్తో పట్టుకునే నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్కానర్ ఒకటి తెప్పించాను. అరవై వేల పైమాటే. కంపెనీ పేరు రాయను. నేను చెప్పే ఇబ్బంది ఈ రకం మిషన్లన్నిటిదీనూ.

వస్తువుకి ఆనించి బటన్ నొక్కితే కంటికి కనబడని కాంతి పడుతుంది. ఏ తరంగాలు ఎంత తగ్గి తిరిగొచ్చాయో చూసి, అదేమిటో ఫోన్‌లో చూపిస్తుంది. నా దానికి తరంగం పొడవు 900 నుంచి 1700 నానోమీటర్లు ఉండే కాంతి వరకే చూపు.

ముందు మెచ్చుకోవాల్సింది చెబుతాను. ఎండు రొయ్యల్లో దొరికిన వల దారం ముక్కని తెల్ల పింగాణీ పళ్లెంలో పెట్టి చూస్తే టక్కున నైలాన్ అంది. రొయ్యలు ఎండబెట్టే నీలం బరకం అంచు పెడితే పాలిథీన్ అంది. నల్ల బరకం దగ్గర మాత్రం నోరు మెదపలేదు. నలుపు కోసం కలిపే కార్బన్ ఆ కాంతినంతా మింగేస్తుందట, తిరిగొచ్చేదే ఉండదు.

ఇక పచ్చి రొయ్యలు. నీలం ప్లాస్టిక్ డబ్బా మూతని ఆకురాయితో రాకి, ఆ పొట్టు చిటికెడు తీసుకుని, ఒలిచిన రొయ్యల్లో కలిపి స్కాన్ చేశాను. ఆకుపచ్చ టిక్కు, "ప్లాస్టిక్ లేదు"! గరిటెతో తిప్పి ఇంకోచోట పెట్టాను, మళ్లీ అదే టిక్కు. పొట్టు నా కంటికే కనబడుతోంది మరి.

ఏజెంటుకి ఫోన్ చేస్తే "యాప్ అప్‌డేట్ చేయండి మేడం" అన్నాడు. ఆక్వా ల్యాబ్‌లో పనిచేసే మా అక్క కొడుకు విషయం విడమర్చాడు. "పిన్నీ, రొయ్యలో నూటికి 75 పాళ్లు నీళ్లే. 1450 నానోమీటర్ల దగ్గర నీళ్లు ఆ కాంతిని గట్టిగా లాగేసుకుంటాయి. పాలిథీన్ బాగా బయటపడేదేమో 1730 దగ్గర, నీ మిషన్ అంతదూరం చూడదు. 1210 దగ్గరా దొరుకుతుంది గానీ, కొవ్వూ నూనే కూడా అక్కడే కనిపిస్తాయి."

అంటే పప్పునూనెలో తేలే పచ్చడి మీద ఇది పెట్టడం శుద్ధ దండగ. ల్యాబుల్లో అయితే మాంసాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, వడకట్టి, మిగిలిన రేణువుల్ని మైక్రోస్కోప్ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ యంత్రం కిందో, లేజర్ కాంతి వేసి పదార్థమేదో చెప్పే రామన్ యంత్రం కిందో చూస్తారట. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలన్నీ మైక్రోప్లాస్టిక్ కిందే లెక్క. ఈ మిషన్ అందులో ఎంత చిన్నదాన్ని పట్టగలదో మాన్యువల్ అంతా తిరగేసినా లేదు. నా అసలు కోపం అక్కడే. పట్టలేనప్పుడు పట్టలేదని చూపించాలి గానీ ఆకుపచ్చ టిక్కు ఏమిటి? ఆ స్క్రీన్ ఫొటో తీసి సీసా మీద అంటించి అమ్ముకునేవాళ్లు ఉండరా?

కస్టమర్లకి నేను గ్యారంటీ ఇవ్వట్లేదు. రొయ్య మింగినవి ఎక్కువగా ఉండేది పేగులో కాబట్టి, నల్ల నరం తీయనిదే రొయ్య కడగనివ్వనని, బరకాలు మానేసి వెదురు తడికల మీద ఎండబెడుతున్నామని చెబుతున్నాను. ఒప్పుకున్నవాళ్లు కొంటున్నారు.

ఐదుకి రెండు స్టార్లు. కొనేవాళ్లు డెమోలో ఎండు ముక్క చూసి మురిసిపోకుండా, మీ తడి సరుకు మీదే పెట్టి చూపించమనండి. రెండో స్టారు మాత్రం మా పక్కింటి బాబాయ్ పుణ్యం. యాప్‌లో ధాన్యం తేమ చూసే ఆప్షన్ ఉందని ఆయనే కనిపెట్టాడు. అసలు ఈ కాంతితో కొలిచే విద్య పెరిగిందే ధాన్యం దగ్గరట, 1960ల్లో అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ నోరిస్ గింజల తేమ కొలవడంతో. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే పేచీ కదా, దాళ్వా (రబీ వరి) కోతలప్పటి నుంచి మిషన్ ఆయన కళ్లంలోనే ఉంటోంది. అద్దె అడుగుదామంటే మొహమాటం.