బర్చ్ నీళ్లు దించే సరంజామా: ఆరు సీజన్లు వాడాక

ముందే చెప్పేస్తాను. చెట్టు బెజ్జంలో దిగేసే కుళాయి ఏది కొన్నా ధారలో పెద్ద తేడా లేదు. డ్రిల్లు బిట్టు మాత్రం మంచిది కొనండి, క్యానుకి మూత ఉండేలా చూసుకోండి. దక్షిణ ఫిన్‌లాండ్‌లో ఆరు సీజన్లపాటు మూడు రకాల సరంజామా పక్కపక్క చెట్లకే పెట్టి వాడాక తేలింది ఇదే.

ఇక్కడివాళ్లు మహ్లా అని పిలిచేది వసంతం మొదట్లో బర్చ్ మానులో పైకెక్కే నీరు. పాత రాతప్రతుల సంగతి వచ్చినప్పుడు మనం వినే భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే బర్చ్ బెరడే కాబట్టి చెట్టు మనకి మరీ కొత్తది కాదు, నీళ్లే కొత్త. నీరా తాగిన నాలుకకి మొదటి గుక్కలో నిరాశ తప్పదు. నీరాలో చక్కెర పది శాతం పైమాటే. ఇందులో ఒక శాతం అటూ ఇటూ, చాలా చెట్లలో అంతకన్నా తక్కువ. చూడ్డానికి తేట నీళ్లు. మింగాక వెనకనుంచి సన్నటి తీపి, తడి చెక్క వాసన తగులుతాయి, అంతే.

దించే పద్ధతీ వేరు. తాటిచెట్టుకైతే గెల కొసన రోజూ గీత పెట్టాలి. బర్చ్‌కి ఒక్క బెజ్జం, సీజనంతా అదే. ఇంకా ఆకు రాని చెట్టులోకి వేళ్లు కిందనుంచి నీటిని తోస్తాయి, ఆ ఒత్తిడికే బయటికి కారుతుంది. ఇలాగే నీరు దించి పాకం కాచే మేపుల్ చెట్టుకి రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వాతావరణం కావాలి, దీనికి అదేం అక్కర్లేదు. నేల కరిగి వేళ్లు పని మొదలుపెడితే చాలు. మేపుల్ గురించి చదివి మార్చి మొదట్లోనే బెజ్జం పెట్టేవాళ్లకి చుక్క కూడా రాదు. నీరు వచ్చేనాటికి ఆ బెజ్జం పాతబడి, లోపల సూక్ష్మజీవులు చేరి, ధార సన్నబడిపోతుంది. సన్నటి కొమ్మ ఒకటి విరిచి చూడండి. విరిచినచోట చుక్క కడితే సమయం వచ్చినట్టే. మాను చుట్టూ మంచు గుండ్రంగా కరిగి నేల కనిపించడం కూడా మంచి గుర్తు. ఇక్కడ అది మామూలుగా ఏప్రిల్‌లో, గడువు రెండు మూడు వారాలు.

ఇక బిట్టు. చెక్కకి వాడే మొనదేలిన 8 మిల్లీమీటర్ల బిట్టు కొత్తది ఒకటి దీనికోసమే పక్కన పెట్టుకోవాలి. మొద్దుబారిన బిట్టు చెక్కని కొయ్యదు, నలిపి నార లేపుతుంది, రాపిడికి కాలుస్తుంది. ఆ గరుకు గోడల్లో జీవులు తొందరగా కాపురం పెడతాయి, పదో రోజుకే ధార సగానికి పడిపోతుంది. అదే రోజు, అదే లావు చెట్లకి, పదునైన బిట్టుతో పెట్టిన బెజ్జాలు చివరిదాకా నడిచాయి. కుళాయిల మధ్య ఎప్పుడూ ఇంత తేడా కనిపించలేదు.

చెట్టు చుట్టుకొలత టేపుతో కొలిస్తే కనీసం 65 సెంటీమీటర్లు ఉండాలి, అంటే అడ్డంగా ఇరవై పైన. అంతకన్నా సన్నదాన్ని వదిలేయండి. లావు చెట్టుకైనా ఒక్క బెజ్జమే పెట్టాలని నా పట్టుదల. బర్చ్ చెక్కకి పుచ్చు తొందరగా పడుతుంది, మేపుల్‌లా ఓర్చుకోదు. నేలనుంచి మోకాలికీ నడుముకీ మధ్య ఎత్తులో బెరడు తుడిచి, లోపలికి పోయేకొద్దీ కాస్త పైకి వాలేలా, బెరడు కాకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు తొలవాలి. అడ్డంగానో కిందికి వాలుగానో తొలిస్తే నీరు లోపలే నిలిచి పులుస్తుంది. బయటికి వచ్చే పొట్టు తెల్లగా, తడిగా ఉండాలి. గోధుమరంగు పొట్టు వస్తే పాత గాయపు మచ్చలో పడ్డట్టే, అక్కడ నీరు రాదు. ఆ మచ్చ మానులో పైకీ కిందికీ పొడుగ్గా పాకుతుంది, పక్కకి పెద్దగా పోదు. అందుకే మరుసటి ఏడు బెజ్జం అదే నిలువు గీతలో కాకుండా కనీసం ఓ జానెడు పక్కకి జరపాలి.

వాడిన మూడు రకాల్లో మొదటిది 11 మిల్లీమీటర్ల స్టీలు కుళాయి, కొక్కేనికి వేలాడే బకెట్టు. చూడ్డానికి అందం, పది లీటర్ల బరువు మోస్తుంది, జీవితకాలం వస్తుంది. కానీ గాయం పెద్దది, మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. బకెట్టు మూత ఎంత బిగుతైనా వాన పడితే బెరడు మీంచి జారిన మురికినీళ్లు అందులోకే చేరతాయి. ఎండ తగిలిన రోజుల్లో చీమలు, చిమ్మటలు సరేసరి. గాలికి ఊగి ఊగి కుళాయి వదులవడం మరో బాధ.

రెండోది ప్లాస్టిక్ సంచి తగిలించే రకం. తేలిక, చవక. సంచి ఎండకి వెచ్చబడి నీరు మిగతావాటికన్నా ముందు మబ్బుగా మారుతుంది, కడగడం కూడా చిరాకు. రెండో సీజన్‌తోనే పక్కన పెట్టేశాను.

మూడోది, ఇప్పటికీ నేను వాడుతున్నది, అమెరికా కొలతలో 5/16 అంగుళం, అంటే దాదాపు 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కుళాయి. దానికి ఆహారానికి పనికొచ్చే గొట్టం, గొట్టం రెండో కొస నేలమీద క్యాను మూతలోకి. గాయం చిన్నది, దుమ్ముకీ పురుగుకీ దారి లేదు, క్యాను చుట్టూ మంచు ఎగదోస్తే ఫ్రిజ్‌లో ఉన్నట్టే. నాలుగు నక్షత్రాలు. ఐదోది ఎందుకు ఇవ్వనంటే, గొట్టం. మామూలు వినైల్ గొట్టం చలికి బిరుసెక్కి కుళాయి దగ్గర పగులుతుంది. రెండేళ్లకోసారి మార్చక తప్పదు. సిలికాన్ గొట్టం బిరుసెక్కదు కానీ మెత్తదనం వల్ల మలుపు దగ్గర మడతపడి ధార ఆగిపోతుంది, ధర కూడా బాగా ఎక్కువ. ఏ గొట్టమైనా ఎక్కడా వేలాడకుండా తిన్నగా కిందికి దిగాలి. మధ్యలో సాగి వంపు తిరిగితే అక్కడ నీరు నిలిచి తెల్లవారుజామున గడ్డకడుతుంది. క్యాను మూతకి గొట్టం పట్టే కంతతో పాటు గాలిపోయే చిన్న బెజ్జం ఇంకొకటి పెట్టాలి. అది లేకపోతే క్యాను ఉబ్బుతుంది, కుళాయి పక్కనుంచి నీరు తన్నుకొస్తుంది.

కుళాయిని సుత్తితో గట్టిగా బాదకండి. రెండు మూడు తేలిక దెబ్బలకే శబ్దం మందంగా మారుతుంది, అక్కడ ఆపాలి. ఇంకా బాదితే చెక్క నిలువునా చీలి ఆ చీలికలోంచి నీరు కారుతుంది. కుళాయి కింద తెల్ల బెరడు మీద తడి చార కనిపిస్తే ఇదే కారణం. పోయిన నీరు తిరిగి రాదు, పైగా కొన్నాళ్లకి ఆ చార నారింజరంగు బంకగా మారుతుంది.

మంచి రోజున ఒక చెట్టు ఐదు లీటర్లు అవలీలగా ఇస్తుంది. దాని గురించి బెంగపడాల్సిన పని లేదు, దిగులంతా నిల్వ గురించే. కల్లు లొట్టికి సున్నం రాసినట్టు ఇక్కడ ఎవరూ ఏమీ రాయరు, చలే సున్నం పని చేస్తుంది. పగటి వేడి పది డిగ్రీలు దాటిందా, రోజుకి రెండుసార్లు తెచ్చుకోవాలి. శుభ్రమైన బట్టలో వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు. ఆ తరువాత ముందు మబ్బు, వెనక పులుపు. పొద్దున క్యానులో గడ్డ తేలితే తీసి పారేయండి, అందులో ఉన్నది దాదాపు వట్టి నీరే, తీపి కింద మిగిలింది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టిన సీసాదీ ఇదే కిటుకు. మొదట కరిగిన మూడో వంతు వంచుకుంటే అది స్పష్టంగా తియ్యగా ఉంటుంది. సీసా పదింట తొమ్మిది వంతులే నింపాలి, లేకుంటే పగులుతుంది.

ఎలా వాడుకోవాలన్నది రుచిని బట్టి. చల్లగా అలాగే తాగడం ఒక పద్ధతి. లాత్వియా, ఎస్తోనియా వైపు ఇళ్లలో ఎండుద్రాక్ష వేసి పులియబెడతారు, సోవియట్ కాలంలో సిట్రిక్ ఆమ్లం కలిపి మూడు లీటర్ల జాడీల్లో అమ్మేవారు. మూడు లీటర్ల నీటికి పదిహేను ఎండుద్రాక్షలు, నాలుగు నిమ్మ చక్రాలు, మూడు చెంచాల చక్కెర వేసి మూడు రోజులు గదిలో ఉంచి ఫ్రిజ్‌కి మారిస్తే సన్నటి బుస వస్తుంది. గాజు సీసా వద్దు, పేలుతుంది. మెత్తని ప్లాస్టిక్ సీసా అయితే వేలితో నొక్కి ఒత్తిడి తెలుసుకోవచ్చు. కల్లు కిక్కు కోసం మాత్రం చూడకండి. ఈ నీళ్లలో సొంతంగా ఉన్న ఒక్క శాతం చక్కెరంతా పులిసినా ఆల్కహాలు అర శాతం చుట్టూ తిరుగుతుంది.

పాకం జోలికి నేను పోను. మేపుల్‌కి నలభై లీటర్లకి ఒక లీటరు దిగితే దీనికి వంద లీటర్లు కావాలి. పైగా ఇందులోని చక్కెరలో ఫ్రక్టోజు వాటా పెద్దది, అది తొందరగా మాడి చేదెక్కుతుంది. పదికి ఒకటిగా మరిగించడం మాత్రం పనికొచ్చే పని. పది లీటర్లు సన్నసెగ మీద లీటరుకి దిగేసరికి తీపి నీరా దరిదాపులకి వస్తుంది, రంగు తేనెరంగు, రుచిలో బెల్లపు ఛాయ. ఆ లీటరుతో సేమ్యా పాయసం చేస్తే చక్కెర సగం తగ్గించవచ్చు. తొమ్మిది లీటర్ల ఆవిరి వంటింటి గోడలకి పడుతుందని గుర్తుంచుకుని బయట స్టవ్ మీద పెట్టండి. గట్టి పెరుగుని ఈ నీళ్లతో చిలికి అల్లం, ఉప్పు వేసిన మజ్జిగ నాకు మిగతా అన్నిటికన్నా నచ్చింది. చారులో, అన్నంలో పోయడం దండగ, చింతపండు ముందు దీని రుచి ఆనవాలు కూడా తెలియదు. పాల టీలో కూడా అంతే.

ఫిన్‌లాండ్ అడవుల్లో బెర్రీలు, పుట్టగొడుగులు ఎవరైనా ఏరుకోవచ్చు. బర్చ్ నీళ్లకి ఆ హక్కు వర్తించదు, భూమి యజమాని అనుమతి ఉండాలి. కలప కోసం పెంచే చెట్లయితే బెజ్జం పడిన చోట చెక్కకి మచ్చ వచ్చి విలువ తగ్గుతుంది కాబట్టి చాలామంది ఒప్పుకోరు, నరకబోయే చెట్లు చూపించమని అడగడం మేలు. బర్చ్ పుప్పొడి పడనివాళ్లు మొదటిసారి ఒక్క గుటకతో ఆగి చూసుకోవాలి.

ఆకులు ఎలుక చెవులంత అయ్యాయని ఇక్కడివాళ్లు అంటారు, మొగ్గ విచ్చుకునే ఆ దశ కనిపించేలోపే కుళాయి పీకేయాలి. అప్పటికే నీరు మబ్బుగా, చేదుగా ఉంటుంది. పీకాక కూడా బెజ్జం కొన్ని రోజులు కారుతుంది, కంగారు అక్కర్లేదు. ఆకులు పరుచుకుని నీటిని పైకి లాక్కోవడం మొదలుపెట్టగానే ఆగిపోతుంది. చెక్క బిరడాలు కొట్టేవాళ్లున్నారు. నేను కొట్టను, తెరిచే వదిలేస్తాను. కుళాయిలు పది నిమిషాలు మరిగే నీళ్లలో వేసి, గొట్టాలు సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, లోపల చుక్క మిగలకుండా నిలువుగా వేలాడదీసి ఆరబెట్టాలి. చుట్టచుట్టి తడిగా దాచిన గొట్టం మరుసటి ఏప్రిల్‌లో నల్ల బూజుతో బయటికొస్తుంది, దాన్ని ఎంత కడిగినా వాసన వదలదు.