పాత సంతల బొమ్మల కోసం లండన్‌లో తిరిగితే

లండన్ పాత సంతల అచ్చుబొమ్మలు, అంటే కాగితం మీద అచ్చేసిన చిత్రాలు, చూడాలనుకుంటే, బ్రిటిష్ మ్యూజియంలో గ్యాలరీలు చుట్టేసి వచ్చేయకండి. అక్కడి ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ స్టడీ రూమ్‌కి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పైసా ఖర్చు లేదు. అడిగిన బొమ్మ తెచ్చి ముందు పెడతారు. రాసుకోవడానికి పెన్సిల్ మాత్రమే. సిబ్బంది ఓపికకు దండం పెట్టాలి.

నేను చాలాసేపు చూసింది ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ వేసిన ‘సదర్క్ సంత’, 1730ల నాటిది. సదర్క్ అంటే థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న లండన్ పేట. ఎడమపక్క నాటకాల వేదిక కూలిపోతోంది, నటులు కింద ఉన్న పింగాణీ సామాన్ల కొట్టు మీదికి జారుతున్నారు. మధ్యలో డ్రమ్ము వాయించే అమ్మాయిని నోరు తెరుచుకుని చూస్తున్నవాళ్లకు ఆ సంగతే పట్టలేదు. ఇంకోచోట వీరుడి వేషంలో ఉన్న నటుణ్ణి భటులు పట్టుకుంటున్నారు. అంత ఇరుకులోనూ ఎవరి గోల వాళ్లదే. సంత అనగానే ఊరంతా ఒక్కటైనట్టు మనం మురిసిపోతాం గానీ, హోగార్త్‌కి ఆ భ్రమ లేదు.

గడ్డకట్టిన థేమ్స్ మీది సంతల బొమ్మలు వేరే కథ చెబుతాయి. 1683–84 చలికాలంలో నది మీద వరసగా గుడారాలు వెలిశాయి. అచ్చు యంత్రాన్నీ అక్కడికే తెచ్చి, ఆరు పెన్నీలకు పేరు అచ్చేసి ఇచ్చారు. రెండో చార్లెస్ రాజు కూడా కుటుంబంతో సహా పేర్లు వేయించుకున్నాడు. రాజుకైనా మామూలు మనిషికైనా చేతిలో మిగిలేది ఒక కాగితం ముక్కే. హెచ్చుతగ్గులు కాస్త పక్కకు జరిగాయంటే ఇక్కడే, అదీ మంచు కరిగేదాకా.

ఆ మంచు సంతల దృశ్యాలు సదర్క్ వంతెన కింద, దక్షిణపు ఒడ్డు నడకదారిలో పలకరాయి మీద చెక్కి ఉన్నాయి. టికెట్ లేదు, క్యూ లేదు. చాలామంది తల తిప్పకుండా వెళ్లిపోతారు, మీరు ఆగండి. స్మిత్‌ఫీల్డ్‌లో మాత్రం పెద్ద ఆశలు వద్దు. అక్కడ 1133లో మొదలైన బార్తలోమ్యూ సంత 1855తోనే ఆగిపోయింది. పక్కనున్న సెయింట్ బార్తలోమ్యూ ది గ్రేట్ చర్చి కోసమైతే వెళ్లొచ్చు.

బస బ్లూమ్స్‌బరీలో. గదిలో సూట్‌కేస్ తెరిస్తే నడవడానికి చోటు లేదు, వేడినీళ్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి. అయినా మ్యూజియం నడిచి వెళ్లేంత దగ్గర కాబట్టి సర్దుకున్నాను.

చిజిక్‌లోని హోగార్త్ ఇల్లు కూడా ఉచితమే. ముందు హైవే రొద, వెనక మల్బరీ చెట్టున్న తోట. హోగార్త్ అంటే ప్రాణమైతే వెళ్లండి, సంతల కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు.