మలావి జెండా: పొద్దుపొడుపు సూర్యుడా, నడినెత్తి సూర్యుడా?

రెండింటిలోనూ అవే మూడు రంగులు, రెండింటిలోనూ సూర్యుడే. అయినా ఆఫ్రికా దేశమైన మలావి 2010లో పాత జెండా దించి కొత్తది ఎగరేసింది, రెండేళ్లు నిండకముందే మళ్లీ పాతదానికే వచ్చేసింది. ఈ రెండింటిలో ఏది మేలు?

పాతది 1964 జులై 6న, స్వాతంత్ర్యం వచ్చిన నాడు ఎగిరింది. పైన నలుపు, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. నలుపు ఆఫ్రికా జనానికి, ఎరుపు స్వేచ్ఛ కోసం చిందిన రక్తానికి, ఆకుపచ్చ ఆ నేలకు గుర్తు. నల్ల పట్టీ మీద అప్పుడే పైకొస్తున్న సగం సూర్యుడు, ఎర్రగా, 31 కిరణాలతో. ఆఫ్రికాలో స్వాతంత్ర్యం పొందిన 31వ దేశం అని ఆ లెక్క. అప్పటికి మూడు పక్కలా ఆనుకుని ఉన్న మొజాంబిక్ ఇంకా పోర్చుగీసు వాళ్ల చేతిలోనే ఉంది. కాబట్టి ఆ సూర్యుడు మలావి ఒక్కదానికే కాదు, ఖండం మొత్తానికీ తెల్లవారుతోందని చెప్పిన మాట.

కొత్తది 2010 జులై 29 నాటిది. అధ్యక్షుడు బింగు వా ముథారికా ప్రభుత్వం వాదన సూటిగా ఉంది: దేశం పొద్దుపొడుపు దాటి వచ్చేసింది, అభివృద్ధి సాధించింది, ఇంకా సగం సూర్యుడెందుకు? ఎరుపు పైకెక్కింది, నలుపు మధ్యకొచ్చింది, దాని నడుమ 45 కిరణాల నిండు సూర్యుడు తెల్లగా వెలిగాడు. ప్రతిపక్షాలు గోల చేశాయి, జనంలో చాలామందికీ నచ్చలేదు.

చూపుకే మార్కులు వేయాలంటే కొత్తదే గెలుస్తుంది, ఇందులో మొహమాటం అక్కర్లేదు. నలుపు మీద తెలుపు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. పాతదాంట్లో నలుపు మీద ఎరుపు. మబ్బు పట్టిన రోజు స్తంభం కింద నిలబడి తల ఎత్తి చూసినా ఆ సన్నటి కిరణాలు నలుపులో కలిసిపోతాయి. పైగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ అనే వరుస 1920లో నల్లజాతి హక్కుల నాయకుడు మార్కస్ గార్వీ సంస్థ నల్లజాతి వారి జెండాగా ప్రకటించిన వరుసే. ఆ రకంగా కొత్తదానికీ మంచి వంశమే ఉంది.

మిగతా అన్నిటా మాత్రం అది ఓడిపోయింది. లిబియా సంగతే చూడండి. 1951 నాటి లిబియా జెండా కూడా పైన ఎరుపు, మధ్యలో నలుపు, కింద ఆకుపచ్చ. నలుపు మీద తెల్లటి నెలవంక, నక్షత్రం. గడాఫీ కాలంలో మూలనపడ్డ ఆ జెండా 2011లో తిరిగొచ్చింది. దాంతో గాలికి రెపరెపలాడేటప్పుడు చటుక్కున తేడా తెలియని రెండు జెండాలు ఒకే ఖండంలో తయారయ్యాయి. ముథారికా మనుషులు దీన్ని ముందే ఊహించి ఉండాలని అనలేం కానీ, పాత జెండాకైతే ఈ బెడద లేదు. కెన్యాదీ నలుపు, ఎరుపు, ఆకుపచ్చ వరుసే అయినా తెల్లటి గీతలు, మధ్యలో డాలు ఉన్నాయి కాబట్టి పొరబడం.

అసలు దెబ్బ అర్థం దగ్గర తగిలింది. పొద్దుపొడుపు అంటే రాబోయేదాని మీద ఆశ; దాన్ని ఎవరూ కొలిచి చూడరు. నిండు సూర్యుడు అంటే సాధించేశామని చాటింపు. దాన్ని జనం తమ బతుకుతో పోల్చి చూస్తారు. 2011లో మలావిలో విదేశీ మారకం అడుగంటింది, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టారు, జులైలో జనం వీధుల్లోకొస్తే కాల్పుల్లో పలువురు చనిపోయారు. క్యూలో నిలబడ్డవాడికి తలెత్తితే ఆ నిండు సూర్యుడు ఎలా కనిపించి ఉంటాడు?

2012 ఏప్రిల్‌లో ముథారికా చనిపోయారు, జాయిస్ బండా అధ్యక్షురాలయ్యారు. మే నెలాఖరుకల్లా పార్లమెంటు పాత జెండానే మళ్లీ తెచ్చింది.

నా ఓటూ పాతదానికే. ఒక్క మార్పు అడుగుతాను: ఆ ఎరుపును కాస్త నారింజ వైపు జరిపితే చాలు, సూర్యుడు నలుపులోంచి బయటపడతాడు. పసుపు మాత్రం వద్దు, నల్ల పట్టీ మీద పసుపు సగం సూర్యుణ్ణి బయాఫ్రా (1967లో నైజీరియా నుంచి విడిపోయి మూడేళ్లే నిలిచిన దేశం) ఎప్పుడో పెట్టేసుకుంది.