పెద్ద ఫర్మా, కంపెనీ ఉద్యోగమా, సొంత ప్రాక్టీసా: కొత్త సీఏకి ఏది మేలు?

మా పిన్ని కొడుకు సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఫైనల్ పాసై రెండు నెలలైంది. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి హైదరాబాద్‌లో పెద్ద ఆడిట్ ఫర్మ్, రెండోది గచ్చిబౌలిలో ఒక అమెరికా కంపెనీ ఫైనాన్స్ విభాగం. ఇవి కాక, గుంటూరులో వాడు ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగంగా ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) చేసిన ఆడిటర్ గారు "ఇక్కడే ఉండిపోరా, మెల్లగా పార్టనర్‌ని చేసుకుంటాను" అన్నారట. "అన్నయ్యా, మూడింట్లో టెన్షన్ ఎందులో తక్కువ?" అని ఫోన్ చేశాడు.

నేను మూడూ చేశాను. పెద్ద ఫర్మ్‌లో మూడేళ్లు, కంపెనీలో నాలుగేళ్లు. ఎనిమిదేళ్లుగా విజయవాడలో ఇద్దరు స్నేహితులతో కలిసి ప్రాక్టీసు చేస్తున్నాను. టెన్షన్ లేని చోటు వీటిలో నాకు కనపడలేదు. కాకపోతే ఒక్కోచోట అది ఒక్కోలా ఉంటుంది. గంటలు లెక్కబెట్టి పోల్చుకుంటే ఆ తేడా తెలియదు. "ఈ పని ఇప్పుడు నావల్ల కాదు" అని చెప్పే వీలు మనకు ఎంత ఉందో చూసుకోవాలి. ఆ మాట అనలేని చోటే మనిషి నలిగిపోతాడు.

పెద్ద ఫర్మ్

స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలు ఏడాది లెక్కలు ముగిసిన 60 రోజుల్లో ఆడిట్ అయిన ఫలితాలు ప్రకటించాలి. అంటే మే 30 గడువు. అందుకే పెద్ద ఫర్మ్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు గుర్తుండదు. ఉగాది, శ్రీరామనవమి రెండూ క్లయింటు ఆఫీసులోనే గడిచిపోతాయి. బోర్డు మీటింగు తేదీకి క్లయింటుతో ఒప్పుకునేది పార్టనర్, టీమ్‌కి పని పంచేది మేనేజర్. ఆ తేదీ కుదురుతుందా అని కింద పనిచేసే పిల్లల్ని ఎవరూ అడగరు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది టైమ్‌షీట్, అంటే ఏ ఆడిట్‌కి ఎన్ని గంటలు పనిచేశామో రాసే లెక్క. రోజుకు 14 గంటలు చేసి 9 అని రాయమన్నారు, ఆ ఆడిట్‌కి ముందే అనుకున్న గంటల బడ్జెట్ దాటకూడదని. మొదటి ఏడాది నాకు దీని సంగతి అర్థం కాలేదు. మేం రాయని గంటలు ఏ లెక్కలోకీ రావు. మరుసటి ఏడాది అదే ఆడిట్‌కి ఎంతమంది కావాలో ఈ తగ్గించి రాసిన గంటల్ని బట్టే తేలుస్తారు. అంటే మేం మౌనంగా మింగిన పని, తర్వాత వచ్చేవాళ్ల నెత్తిన శాశ్వతంగా కూర్చుంటుంది. లెక్కలు నిజంగా ఉన్నాయా అని ఊరందరినీ ప్రశ్నించే వృత్తిలో మన సొంత గంటల లెక్క తప్పుగా రాసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2024 జులైలో పుణెలో 26 ఏళ్ల సీఏ ఒకమ్మాయి చనిపోయింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే. పనిభారం గురించి వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఆ సెప్టెంబరులో దేశమంతా చదివింది. కేంద్ర కార్మిక శాఖ కూడా విచారిస్తామంది. ఆ ఉత్తరం చదివిన రాత్రి నా పాత టీమ్‌లో ఉన్నవాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఎవరికీ అది కొత్త సంగతిగా అనిపించలేదు.

అయినా ఆ మూడేళ్లను నేను వద్దనుకోను. సత్యం రామలింగరాజు 2009 జనవరి 7న ఇచ్చిన ఉత్తరంలో ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. అలాంటి అబద్ధం దొరకాలంటే బ్యాంకు కన్ఫర్మేషన్‌ను (ఖాతాలో ఇంత ఉందని బ్యాంకు ఇచ్చే ధ్రువీకరణను) కంపెనీ చేతిమీదుగా కాకుండా బ్యాంకు నుంచే నేరుగా తెప్పించుకోవాలని పుస్తకంలో చదవడం వేరు, ఒక పెద్ద కంపెనీ ఫైనాన్స్ హెడ్ "మేమే తెచ్చిస్తాం కదమ్మా" అంటుంటే కుదరదని నిలబడటం వేరు. ఆ నిలబడటం నాకు అక్కడే వచ్చింది. ఈరోజు మా ఊళ్లో ఒక మిల్లు ఓనరుతో "ఈ స్టాకు నేను చూడందే సంతకం పెట్టను" అనగలుగుతున్నానంటే ఆ చదువు వల్లే.

కంపెనీ ఉద్యోగం

ఇక్కడ నెలకొక చిన్న తుఫాను. నెల ముగిశాక మొదటి ఐదారు పనిదినాల్లో పుస్తకాలు మూయాలి, అంటే ఆ నెల లెక్కలు ముగించాలి. క్వార్టర్ చివర ఇంకాస్త ఎక్కువ. అమెరికా వాళ్లతో కాల్స్ రాత్రి 9కి, 10కి పడతాయి. అయితే తుఫాను వెలిశాక ఊపిరి పీల్చుకునే రోజులు నిజంగా ఉంటాయి. సెలవు ముందే అనుకుని పెట్టుకోవచ్చు. జీతం తేదీ తప్పదు. ఇంటి లోనుందా, ఇంట్లో ఒకరికి మందులు నడుస్తున్నాయా, అప్పుడు ఈ దారిని తక్కువగా చూడొద్దు. మన పెళ్లిళ్లలో "ప్రాక్టీసు పెట్టలేదా, ఉద్యోగమేనా" అని అడిగే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటకు కెరీర్ బలి ఇవ్వక్కర్లేదు.

ఆడపిల్లలకు ఇంకో సంగతి చెప్పాలి. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉద్యోగంలో ఉంటుంది. సొంత ఆఫీసు నడిపే ఆవిడకు అది లేదు. మా బ్యాచ్‌లో చక్కగా చదివిన ఒకామె, పుట్టి పదిరోజులైన బిడ్డను పక్కన పెట్టుకుని జీఎస్టీ రిటర్న్‌లు వేసింది. మెచ్చుకోవాల్సిన కథగా దాన్ని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆమెకు సాయం లేకపోవడమే కనిపిస్తుంది.

లోటు ఏమిటంటే పని ఇరుకైపోతుంది. రెండేళ్లపాటు నేను స్థిరాస్తుల తరుగుదల తప్ప ఇంకేమీ చూడలేదు. బయటికొచ్చాక పూర్తి బ్యాలెన్స్ షీటు ముందు పెట్టుకుంటే చెయ్యి ఆడలేదు. పైగా పూర్తికాలం ఉద్యోగంలో ఉండగా ఆడిట్ సంతకం పెట్టే హక్కు ఉండదు.

"కంపెనీ" అన్న పేరు చూసి మోసపోవద్దు కూడా. హైదరాబాద్‌లో అమెరికా టాక్స్ రిటర్న్‌లు తయారుచేసే ఆఫీసులు చాలా ఉన్నాయి. వాటికి మార్చి 15, ఏప్రిల్ 15 గడువులు. మళ్లీ సెప్టెంబరు 15, అక్టోబరు 15. అది ఆడిట్ ఫర్మ్ లాంటి జీవితమే, కాకపోతే మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి ముగుస్తుంది.

సొంత ప్రాక్టీసు

బయటినుంచి చూస్తే ఇక్కడ మనమే రాజులం. బాసు లేడు. కానీ 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) కట్టడం, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 20న 3బి (పన్ను కట్టే జీఎస్టీ రిటర్న్), జులై 31న ఆదాయపు పన్ను రిటర్న్‌లు, సెప్టెంబరు 30న టాక్స్ ఆడిట్లు, ఇవన్నీ బాసులే. నిజమైన భారం మాత్రం తేదీలది కూడా కాదు, మొహమాటానిది.

పార్టీ (క్లయింటుని మేం అలాగే అంటాం) ఎవరో కాదు, మామయ్య స్నేహితుడు. 19వ తేదీ సాయంత్రం గుడ్డ సంచీలో బిల్లులు తెచ్చి బల్ల మీద పెట్టి "మీరే చూసుకోవాలి ఆడిటర్ గారూ" అంటాడు. చట్టంలో ఎక్కడా ఆ రాత్రే చేసిపెట్టాలని లేదు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ, అవి పడేది ఆయనకే. అయినా కాదనలేం. అన్నీ అయ్యాక ఫీజు అడిగితే "దసరాకి చూద్దాంలెండి" అంటారు. పెద్ద ఫర్మ్‌లో కాదనే హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇక్కడ ఆ హక్కు నా దగ్గరే ఉన్నా ఏళ్ల తరబడి వాడుకోలేదు.

2025లో జరిగింది చూడండి. టాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబరు 30. ఐదు రోజుల ముందు, 25న, అక్టోబరు 31కి పొడిగించారు. మళ్లీ అక్టోబరు 29న నవంబరు 10కి మార్చారు. అప్పటికే రాత్రుళ్లు కూర్చుని సగం పూర్తిచేశాం. పొడిగింపు వార్త రాగానే మిగతా పార్టీలు కాగితాలు పంపడం ఆపేశారు. మాకు మిగిలింది రెండోసారి అదే పరుగు. దానికి తోడు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. కంఠతా వచ్చిన సెక్షన్ల నంబర్లన్నీ మళ్లీ నేర్చుకోవాలి. పెద్ద ఫర్మ్‌లో అందుకు శిక్షణ ఇస్తారు, ఒంటరిగా ప్రాక్టీసు చేసే మనిషి తన నిద్రలోంచి ఆ టైము తీసుకోవాలి.

మమ్మల్ని కాపాడింది ముగ్గురం ఉండటం. ఒకరు జీఎస్టీ, ఒకరు ఆడిట్లు, ఒకరు నోటీసులు, అప్పీళ్లు పంచుకున్నాం. మూడేళ్ల కిందట ఒక కాగితం అచ్చువేసి ప్రతి పార్టీకీ ఇచ్చాం: 15వ తేదీ తర్వాత బిల్లులు వస్తే ఆ నెల రిటర్న్ గడువులోపు వేస్తామని హామీ లేదు. ఆరుగురు వెళ్లిపోయారు, నలుగురు తిరిగొచ్చారు. నోటితో చెప్పలేని మాట కాగితం చెప్పింది. ఇదే ఒక్కడినే ఉండుంటే ఆ కాగితం ఇచ్చే ధైర్యం నాకు వచ్చేది కాదు.

మరి వాడికేం చెప్పాను?

పాసైన వెంటనే ఒంటరిగా బోర్డు కట్టడం మాత్రం ఎవరికీ చెప్పను. పని కోసం మనంతట మనం వెళ్లి అడగడం మా సీఏ వృత్తి నిబంధనలు ఒప్పవు, కాబట్టి మొదటి రెండేళ్లు వచ్చిన ప్రతి పనీ, ఎంత తక్కువకైనా, ఒప్పుకోవాల్సి వస్తుంది. కాదనే అలవాటు మొదట్లోనే చచ్చిపోతుంది.

మా వాడికి అప్పుల్లేవు, ఆరోగ్యం బాగుంది, ఎప్పటికైనా గుంటూరు తిరిగెళ్లాలని ఉంది. అలాంటివాడికి నా ఓటు పెద్ద ఫర్మ్‌కే, కానీ రెండు ఏప్రిల్‌లు మాత్రమే. మూడోదానికి ఉండాలనుకుంటే మమ్మల్ని అడిగి ఉండమన్నాను. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటితే గడువు చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను, వాళ్లమ్మకూ ఇదే చెప్పాను. ఇంటి బాధ్యతలు మీదున్నవాడైతే నేరుగా కంపెనీలో చేరి, ఏడాదికొకసారి పని మార్చమని పట్టుబట్టమనేవాణ్ణి. గుంటూరు ఆడిటర్ గారి మాటలో "మెల్లగా" అన్నది ఉంది కదా, ఎన్నేళ్లకు, ఎంత వాటా అన్నది ఇప్పుడే మర్యాదగా అడిగి కాగితం మీద పెట్టించుకోరా అన్నాను. ఆయన మంచివారే, అడిగితే నొచ్చుకోరు.

సోమవారం వాడికి ఫర్మ్ వాళ్లతో చివరి మాటలున్నాయి. జీతం గురించి కాక మూడు ప్రశ్నలు రాసిచ్చాను. నేను చేరబోయే టీమ్‌లో గతేడాది ఏప్రిల్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఇప్పుడెందరు ఉన్నారు? బడ్జెట్ దాటిన గంటలు టైమ్‌షీట్‌లో రాయొచ్చా? మే 30 అయ్యాక సెలవు ఎన్ని రోజులు ఇస్తారు, అది ఆఫర్ లెటర్‌లో రాస్తారా?