ప్రిజమ్ లాంచర్ సమీక్ష: 65.0 అన్న అంకె చెప్పిన సంగతి

విజయవాడ పటమటలోని మా ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట జావా ఎడిషన్‌ను 2023 వేసవి నుంచి ప్రిజమ్ లాంచర్ (ఆటను తెరిచి నడిపే ప్రోగ్రాం) ద్వారానే నడుపుతున్నాం. ఆడేది మా అమ్మాయి, లాంచర్ బాగోగులు చూసేది నేను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కొడుకు కంప్యూటర్‌లో కూడా దీన్ని నేనే పెట్టాను. ఆట సజావుగా తెరుచుకున్నంత కాలం ఏ లాంచరైనా ఒకటే అనిపిస్తుంది కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగాన్ని ఆట తెరుచుకోని రోజులకే కేటాయిస్తున్నాను.

ప్రిజమ్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) లాంచర్. 2022 అక్టోబరులో పాలీఎంసీ అనే లాంచర్ నుంచి విడివడి వచ్చింది. లాంచర్ ఉచితమైనా ఆట ఉచితం కాదు. ఆటను కొనుక్కున్న మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరిగా ఉండాలి. దీనిలో ప్రధానమైన సౌకర్యం ఇన్‌స్టెన్స్. ఒక్కో ఇన్‌స్టెన్స్‌కు ఆట వెర్షన్, మాడ్లు (ఆటకు అదనపు హంగులు చేర్చే ఫైళ్లు), సేవ్ చేసిన ప్రపంచాలు, సెట్టింగులు అన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి, 1.12.2లో పాత మాడ్లతో మా అమ్మాయి కట్టుకున్న ఊరు ఒక ఫోల్డర్‌లోనూ, కొత్త వెర్షన్‌లో బావతో కలిసి ఆడే ప్రపంచం మరొక ఫోల్డర్‌లోనూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఉంటాయి.

2024 మే నెలలో, సెలవుల్లో, మేనల్లుడు కొత్తగా వచ్చిన 1.20.6తో ఒక ఇన్‌స్టెన్స్ తయారుచేసుకున్నాడు. లాంచ్ నొక్కగానే, కంప్యూటర్‌లో ఉన్న జావా (ఈ ఆట నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) ఈ ఇన్‌స్టెన్స్‌కు సరిపోదని, వేరే వెర్షన్‌కు మార్చుకోమని లాంచర్ చెప్పి ఆగిపోయింది. వాడు సెట్టింగుల్లోకి వెళ్లి, జావా సరిపోతుందో లేదో చూసే తనిఖీని దాటవేయమని చెప్పే గడిలో టిక్ పెట్టాడు. ఆ తరువాత హెచ్చరిక రాలేదు, ఆట కూడా రాలేదు. ఎగ్జిట్ కోడ్ 1 అని మాత్రం వచ్చింది. "మామయ్యా, ఆ టిక్ పెడితే పోతుందని మా ఫ్రెండ్ చెప్పాడు. పెట్టినా తెరుచుకోవట్లేదు" అని ఫోన్ చేశాడు.

కోడ్ 1 అంటే ప్రోగ్రాం సక్రమంగా ముగియలేదని మాత్రమే అర్థం. కారణం అందులో ఉండదు. కారణం లాగ్‌లో, అంటే జరిగినదాన్ని వరుసగా నమోదు చేసే ఫైలులో ఉంటుంది, ఆ లాగ్‌ను చేతికి అందేలా ఉంచడమే ఈ లాంచర్‌లో నాకు అన్నింటికంటే నచ్చిన పని. ఒక్క బటన్‌తో మొత్తం కాపీ అవుతుంది. వాడు పంపిన లాగ్‌లో అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్ అనే వరుస ఉంది. ఆట ఫైలు 65.0 వెర్షన్‌దని, ఇక్కడున్న జావా 61.0 వరకే చదవగలదని దాని సారాంశం. ఆ అంకెల నుంచి 44 తీసివేస్తే జావా వెర్షన్ తెలుస్తుంది: 65 అంటే జావా 21, 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. మైన్‌క్రాఫ్ట్ 1.18 నుంచి జావా 17, 1.20.5 నుంచి జావా 21 కావాలి. అంటే లాంచర్ మొదట ఆపినప్పుడు చెప్పింది అక్షరాలా నిజం. తనిఖీని తీసేయడం వల్ల అదే మాట ఇంకా కఠినమైన భాషలో జావా నోట వచ్చింది. ఆ టిక్ తీసేయించి, 64 బిట్ జావా 21 పెట్టించిన తరువాత ఆట తెరుచుకుంది. 64 బిట్ అని ప్రత్యేకంగా అడిగి మరీ చూసుకోవాలి, ఎందుకంటే 32 బిట్ జావాకు రెండు జీబీల మెమరీ కేటాయించబోయినా, అంత స్థలం తీసుకోలేకపోయానని చెప్పి అది ఆరంభంలోనే ఆగిపోవచ్చు.

అసలు పొరపాటు ఆ తరువాత నేను చేశాను. అదే ఉత్సాహంలో మా ఇంటి కంప్యూటర్‌లో కూడా జావా 21 పెట్టి, దాన్ని లాంచర్ మొత్తానికి వర్తించే సెట్టింగుల్లో ఎంచుకుని, మళ్లీ అడ్డు రాకూడదని తనిఖీని కూడా తీసేశాను. మర్నాడు అమ్మాయి 1.12.2 ఊరు తెరుచుకోలేదు. ఈసారి లాగ్‌లో క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ ఉంది: యాప్ క్లాస్ లోడర్‌ను యూఆర్ఎల్ క్లాస్ లోడర్‌గా మార్చలేమని. మాడ్లను ఆటలోకి ఎక్కించే ఫోర్జ్ అనే ప్రోగ్రాం పాత వెర్షన్, జావాలోని క్లాస్ లోడర్ (ప్రోగ్రాం ఫైళ్లను చదివి ఎక్కించే భాగం) ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుందన్న నమ్మకంతో రాసినది. జావా 9లో ఆ ఏర్పాటు మారిపోయింది. కాబట్టి 1.12.2 ఫోర్జ్‌కు జావా 8 కావలసిందే, కొత్త జావా ఎంత మంచిదైనా అక్కడ పనికిరాదు. కట్టిన ఊరంతా పోయిందేమోనని పిల్ల భయపడిపోయింది, కానీ సేవ్ ఫోల్డర్ చెక్కుచెదరలేదు. తనిఖీని తిరిగి పెట్టి, ఆ ఇన్‌స్టెన్స్ సొంత సెట్టింగుల్లోకి వెళ్లి, జావా విభాగంలో ఈ ఒక్కదానికి మాత్రం జావా 8 అని ఎంచుకున్నాను. ఊరు తెరుచుకుంది. మొత్తానికి వర్తించే సెట్టింగును ముట్టుకోకుండా ఇన్‌స్టెన్స్ స్థాయిలోనే మార్పులు చేసుకోవడం అప్పటి నుంచి మా ఇంట్లో నియమం.

మెమరీ విషయంలో కూడా అదే పద్ధతి పాటిస్తున్నాను. మాది 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. ఆటకు 6 జీబీలు ఇచ్చినప్పుడు విండోస్‌కు చోటు చాలక అంతా నత్తనడక నడిచింది, 4 జీబీలకు తగ్గించాక కుదుటపడింది.

2024లోనే వచ్చిన 9.0 వెర్షన్ నుంచి, ఇన్‌స్టెన్స్‌కు తగిన జావాను లాంచరే స్వయంగా డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారు దాన్ని వాడుకుంటే, నేను పైన రాసిన శ్రమలో చాలా భాగం వారికి ఉండదు. మాడ్ల మధ్య పొత్తు కుదరకపోవడం మాత్రం అలా తీరేది కాదు. ఫోర్జ్ లాంటిదే అయిన ఫ్యాబ్రిక్ కోసం రాసిన మాడ్‌ను ఫోర్జ్ ఇన్‌స్టెన్స్‌లో వేసినా, ఒక మాడ్‌కు కావలసిన మరో మాడ్ లేకపోయినా ఆట తెరుచుకోకపోవచ్చు. అప్పుడు లాగ్‌లో కనబడే మొదటి కారణాన్ని పట్టుకోవాలి. దాని కింద వచ్చే వందల వరుసలు చాలావరకు దాని పర్యవసానాలే. లాగ్‌ను బయటివారికి పంపేటప్పుడు, ఫోల్డర్ దారిలో మన విండోస్ యూజర్ పేరు కనిపిస్తుందేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇది జావా ఎడిషన్‌కు మాత్రమే పనికొచ్చే లాంచర్. మేనల్లుడి చెల్లెలు ట్యాబ్‌లో ఆడేది బెడ్‌రాక్ ఎడిషన్ అనే మరో రకం కావడంతో, వీళ్లిద్దరూ కలిసి ఆడుతుంటే ఆ పిల్ల పక్కన కూర్చుని చూస్తోంది. దానికి ఈ లాంచర్‌లో నేను చేయగలిగింది ఏమీ లేదు.